ఎయిర్‌బ్రష్ కడగడంపై ఒకరు అవునన్నది ఇంకొకరు కాదని ఎందుకంటారు?

గాలితో రంగును తుంపరగా చిమ్మే ఎయిర్‌బ్రష్ కొత్తగా చేతికొచ్చినవాళ్లకు రంగు వేయడం కంటే వేశాక దాన్ని కడగడమే ఎక్కువ టెన్షన్. ఒకరిని అడిగితే రంగు మార్చిన ప్రతిసారీ మొత్తం విప్పాల్సిందే అంటారు, ఇంకొకరేమో ఏళ్లుగా వాడుతున్నాను, పూర్తిగా విప్పింది లేదు, ఇబ్బందేమీ రాలేదు అంటారు. గ్లాస్ క్లీనర్ పోస్తే చాలని ఒకరు, అది పోస్తే లోపలి ఇత్తడి పాడైపోతుందని మరొకరు. లోపలి సూదిని (నీడిల్‌ని) వెనక నుంచి లాగాలా, ముందు నుంచి తీయాలా అన్నదాని మీద కూడా రెండు వర్గాలున్నాయి.

వీళ్లలో ఎక్కువమంది చెప్పేది నిజమే. కాకపోతే ఒక్కొక్కరు వాడే రంగు వేరు, బ్రష్ నిర్మాణం వేరు, ఒక విడతలో చేసే పని వేరు, ఆ వివరాలేవీ చెప్పకుండా చివరి మాట ఒక్కటే చెప్తారు కాబట్టి వినేవాళ్లకు గందరగోళం. అందుకే ఇక్కడ సలహాల జోలికి ముందే వెళ్లకుండా, బ్రష్ లోపల ఏం జరుగుతుందో, రంగు ఎలా ఎండుతుందో చూసి, ఆ తర్వాత ఒక్కో గొడవ దగ్గరికి వద్దాం.

గాలి దారి ఒకటి, రంగు దారి ఒకటి

మినియేచర్లు, స్కేల్ మోడల్స్ వేసేవాళ్లు ఎక్కువగా వాడేది పైన రంగు పోసే కప్పు ఉండే డబుల్ యాక్షన్ బ్రష్. ట్రిగ్గర్ కిందకి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే రంగు వస్తుంది. లోపల ఒక పొడవాటి సూది ఉంటుంది, అదే నీడిల్. దాని కొన నాజిల్ అనే చిన్న శంకువు లాంటి భాగంలో సరిగ్గా కూర్చుని దారి మూసేస్తుంది. ట్రిగ్గర్ వెనక్కి లాగినకొద్దీ నీడిల్ వెనక్కి జరిగి, కొన చుట్టూ సన్నటి ఖాళీ ఏర్పడి, అందులోంచి రంగు బయటికొస్తుంది.

గాలి నాజిల్ లోపలి నుంచి పోదు, దాని బయటి చుట్టూ పోతుంది. అలా వేగంగా వెళ్లే గాలి నాజిల్ మూతి దగ్గర ఒత్తిడిని తగ్గిస్తుంది, దాంతో రంగు బయటికి లాగబడి తుంపరగా చిట్లిపోతుంది. అంటే గాలి, రంగు కలిసేది చిట్టచివర మూతి దగ్గరే. కప్పు వెనకాల, ట్రిగ్గర్‌కి ముందు, నీడిల్ చుట్టూ ఒక చిన్న సీల్ ఉంటుంది, దాన్ని నీడిల్ ప్యాకింగ్ అంటారు. రంగు వెనక్కి పోకుండా ఆపేది అదే.

ఈ చిత్రం మనసులో పెట్టుకుంటే చాలా విషయాలు తేలిపోతాయి. రంగు తగిలే భాగాలు నాలుగే: కప్పు, దాని కింది సన్నటి దారి, నాజిల్, నీడిల్ ముందు సగం. నాజిల్ ముందు తొడుగులా ఉండి, తుంపర తిరిగి పడి అంటుకునే ఎయిర్ క్యాప్‌ని కూడా కలుపుకుంటే ఐదు. ట్రిగ్గర్, స్ప్రింగు, గాలి వాల్వు, ఇవన్నీ ప్యాకింగ్‌కి అవతల ఉంటాయి, అక్కడికి మామూలుగా రంగు చేరకూడదు. చేరిందంటే ప్యాకింగ్ అరిగిపోయి ఉండాలి, లేకపోతే మనమే ఏదో ఒక పనితో అక్కడిదాకా తీసుకెళ్లి ఉండాలి.

ఇక ఆ ఖాళీ ఎంత సన్నమో ఒకసారి లెక్క వేద్దాం. 1.2 మి.మీ. మందమున్న నీడిల్ 20 మి.మీ. పొడవులో కొనదేరిందనుకుందాం. అంటే ప్రతి మిల్లీమీటరుకు మందం 0.06 మి.మీ. తగ్గుతుంది. ట్రిగ్గర్‌తో నీడిల్‌ని 1 మి.మీ. వెనక్కి లాగితే నాజిల్ మూతి దగ్గర చుట్టూ ఏర్పడే ఖాళీ అందులో సగం, 0.03 మి.మీ., అంటే 30 మైక్రాన్లు. సన్నటి గీత కోసం అర మిల్లీమీటరే లాగితే 15 మైక్రాన్లు. మనిషి వెంట్రుక దాదాపు 50 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది. కాబట్టి కంటికి కనపడీ కనపడనంత ఎండు రంగు తునక ఒక్కటి చాలు, దారి మూసుకుపోవడానికి. నాజిల్ లోపలి గోడకు 10 మైక్రాన్ల పొర పట్టినా, 30 మైక్రాన్ల దారిలో మూడో వంతు పోయినట్టే. నాజిల్ మీద రాసే 0.2, 0.3, 0.5 అన్న అంకెలు మూతి మొత్తం వ్యాసం, రంగు నిజంగా పోయే సందు అంతకంటే చాలా చిన్నదన్న సంగతి చాలామంది గమనించరు.

ఎండాక తిరిగి కరిగే రంగులు, కరగనివి

శుభ్రం విషయంలో అసలు తేడా ఇక్కడుంది, అందుకే కొంచెం ఆగి చూడాలి.

నీటితో కలిపే యాక్రిలిక్ రంగుల్లో (వల్లేహో, సిటడెల్, ఆర్మీ పెయింటర్ లాంటివి) రంగు పొడి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ లాంటి పాలిమర్ అతి చిన్న బిందువులుగా నీళ్లలో తేలుతూ ఉంటుంది. నీళ్లు ఆవిరైపోయినకొద్దీ ఆ బిందువులు దగ్గరకొచ్చి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే పొరగా మారతాయి. ఒకసారి పొర ఏర్పడ్డాక నీళ్లు పోసినా అది తిరిగి బిందువులుగా విడిపోదు. తడిగా ఉన్నంతసేపు నీళ్లే చాలు, ఎండాక నీళ్లతో దాదాపు ఏ ఉపయోగమూ లేదు. నీటి రంగే కదా, తర్వాత కడుక్కోవచ్చులే అని పక్కన పెట్టేయడం వల్లే చాలా బ్రష్‌లు మూసుకుపోతాయి.

లాకర్ రంగులు వేరు. మిస్టర్ కలర్ లాంటివి సాల్వెంట్ (రంగును కరిగించి ఉంచే ద్రవం) ఆవిరైపోయి ఎండుతాయి, లోపల కొత్త బంధాలేవీ ఏర్పడవు. అందుకని ఎండిపోయిన తర్వాత కూడా లాకర్ థిన్నర్ పోస్తే తిరిగి కరుగుతాయి. వాసన ఘాటు, ఆరోగ్యపరంగా జాగ్రత్త ఎక్కువ కావాలి, కానీ బ్రష్ కడగడం వరకు చూస్తే ఇవే సులువు.

టామియా ఎక్స్, ఎక్స్ఎఫ్ రంగుల మీద యాక్రిలిక్ అనే ఉంటుంది గానీ అవి ఆల్కహాల్ ఆధారంగా చేసినవి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కీ లాకర్ థిన్నర్‌కీ బాగా లొంగుతాయి. ఎనామెల్‌కి మినరల్ స్పిరిట్స్ కావాలి. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది కాబట్టి కొన్ని గంటల్లో కడిగితే సులభంగా పోతుంది, రోజులు గడిస్తే మొండికేస్తుంది.

దీంతో ఒక గొడవ తేలిపోతుంది. టామియా వేసే వ్యక్తి ఆల్కహాల్ పోస్తే అద్దంలా మెరుస్తుంది అని చెప్తే, అది విని నీటి యాక్రిలిక్ వాడే వ్యక్తి తడి రంగు మీదే ఆల్కహాల్ పోస్తాడు, పాలు విరిగినట్టు రంగు విరిగి జిగురు ముద్దలై నాజిల్‌లో ఇరుక్కుంటుంది. సలహా ఇచ్చినవారి తప్పు లేదు, విన్నవారి తప్పూ పెద్దగా లేదు, రెండు సీసాల మీదా యాక్రిలిక్ అనే రాసి ఉంది మరి. నీటి యాక్రిలిక్‌కి ముందు నీళ్లతో తడి రంగంతా పోయేలా కడిగి, మిగిలిన సన్నటి పొర కోసం ఆ తర్వాతే బలమైన క్లీనర్ వాడేది ఇందుకే.

నీడిల్ కొన మీద పని మధ్యలో రంగు ఎండి పేరుకోవడం మరో సంగతి. దాన్ని టిప్ డ్రై అంటారు. గాలి ఆగకుండా తగులుతూ ఉండటం వల్ల కొన దగ్గర నీళ్లు త్వరగా ఆవిరైపోతాయి. ఇది బ్రష్ మురికిగా ఉందన్న సూచన కాదు, పూర్తిగా శుభ్రంగా ఉన్న బ్రష్‌లోనూ వస్తుంది. తడి కుంచెతోనో క్లీనర్‌లో ముంచిన దూదిపుల్లతోనో కొనను తుడిస్తే పోతుంది, రంగులో రిటార్డర్ (ఎండటాన్ని ఆలస్యం చేసేది) లేదా ఫ్లో ఇంప్రూవర్ (రంగు సులువుగా పారేలా చేసేది) కలిపితే ఆలస్యంగా వస్తుంది. టిప్ డ్రైని చూసి బ్రష్ మొత్తం విప్పేసేవాళ్లున్నారు, అది వృథా శ్రమ.

ఒకేసారి నిండుగా పోయడం కంటే కొంచెం కొంచెంగా ఎందుకు మేలు

రంగు మార్చేటప్పుడు కప్పు నిండా నీళ్లు పోసి ఒక్కసారి ఊదేసి సరిపెట్టడం ఎక్కువమంది చేసే పని. దీన్ని అంకెల్లో చూస్తే బాగా అర్థమవుతుంది.

కప్పు ఖాళీ చేశాక కూడా గోడలకు, కింది దారిలో 0.2 మి.లీ. రంగు మిగిలిందనుకుందాం. మన దగ్గర 6 మి.లీ. నీళ్లున్నాయి. మొత్తం ఒకేసారి పోసి, కలిపి, పారబోస్తే లోపల మళ్లీ 0.2 మి.లీ. ద్రవం మిగులుతుంది, అందులో రంగు గాఢత మొదటిదాంట్లో 31వ వంతు. అవే 6 మి.లీ. నీళ్లను 2 మి.లీ. చొప్పున మూడుసార్లు పోసి ప్రతిసారీ పూర్తిగా పారబోస్తే, ఒక్కోసారి 11వ వంతుకు తగ్గుతూ వచ్చి చివరికి 1331వ వంతు అవుతుంది. నీళ్లు అన్నే, ఫలితంలో మాత్రం 40 రెట్లకు పైగా తేడా. నలుపు తర్వాత తెలుపు వేయాలంటే ఈ తేడా కంటికి కనపడుతుంది. లేత రంగుల నుంచి ముదురు రంగులకు వెళ్లేలా పని క్రమం పెట్టుకునేవాళ్లకు మధ్యలో కడిగే పని సగం తగ్గేది కూడా అందుకే.

ఈ లెక్క రంగు నీళ్లలో పూర్తిగా కలిసిపోతుందని అనుకుని వేసింది. కప్పు మూలల్లో అప్పటికే అంటుకుని ఎండటం మొదలుపెట్టిన రంగుకి వర్తించదు, దానికి మెత్తటి కుంచెతో రుద్దడం తప్ప మార్గం లేదు.

బ్యాక్‌ఫ్లష్ అనేది కూడా ఇక్కడే వస్తుంది. మూతి ముందు భాగాన్ని గుడ్డతో మూసి ట్రిగ్గర్ నొక్కితే గాలికి బయటికి దారి లేక నాజిల్ గుండా వెనక్కి వచ్చి కప్పులో బుడగలు పుట్టిస్తుంది. నాజిల్‌లో వదులుగా ఉన్న తునకలు అలా కప్పులోకి వస్తాయి, వాటిని వెంటనే పారబోయాలి, లేకపోతే తర్వాతి ఊదులో మళ్లీ నాజిల్‌లోకే పోతాయి. కప్పు నిండా ద్రవం ఉన్నప్పుడు చేస్తే చిమ్మి మీద పడుతుంది. ఇది వదులు మురికికి మంచి పద్ధతి, గోడకు గట్టిగా పట్టిన పొరను మాత్రం కదిలించలేదు.

ప్రతిసారీ విప్పాలనేవాళ్లు, అక్కర్లేదనేవాళ్లు

విప్పాలనేవాళ్ల వాదనలో బలముంది. ఎంత ఊదినా నీళ్లు సరిగ్గా చేరని చోట్లున్నాయి: నాజిల్ వెనక భాగం బాడీకి ఆనే చోటు, ఎయిర్ క్యాప్ లోపలి వైపు, కప్పు కింద నీడిల్ దూరే రంధ్రం. ఒక్కోసారి మిగిలేది అతి పలుచటి పొరే. కానీ నీటి యాక్రిలిక్ అయితే అది తర్వాతి కడుగులో కరగదు, దాని మీద ఇంకో పొర, ఆ మీద ఇంకోటి. పాలీయురిథేన్ కలిసిన ప్రైమర్లు (రంగుకు ముందు వేసే పునాది పొరలు) ఇంకా కష్టం, ఎండితే రబ్బరులా సాగుతూ నాజిల్‌లో ఉండిపోతాయి. మెటాలిక్ రంగుల్లో ఉండే రేకులు ఏ మూలలోనో దాక్కుని రెండు రంగుల తర్వాత తెల్లటి వస్తువు మీద మెరుస్తూ కనపడతాయి.

అక్కర్లేదనేవాళ్లు చెప్పేదీ తీసిపారేయలేం. నీడిల్ కొన వంగడం చాలావరకు రంగు వేసేటప్పుడు జరగదు, బయటికి తీసేటప్పుడో లోపలికి పెట్టేటప్పుడో జరుగుతుంది. మర ఉండే చిన్న నాజిళ్లను రెంచితో తిప్పాలి, వాటి మర ఎంత సన్నమంటే కాస్త ఎక్కువ బిగించినా తెగి సగం ముక్క బాడీలో ఉండిపోతుంది. సీళ్లుగా వాడే రబ్బరు ఓ-రింగులు విప్పి బిగించినకొద్దీ అరుగుతాయి. నాజిల్ చేతి నుంచి జారితే వెతకడం కూడా చిన్న పని కాదు. అంటే విప్పడానికీ ఒక మూల్యం ఉంది.

ఇద్దరు పెయింటర్లను ఊహించుకుందాం. మొదటి వ్యక్తి లాకర్ రంగులతో విమానాల మోడల్స్ వేస్తారు. పని అయ్యాక రెండు మూడుసార్లు థిన్నర్ ఊదుతారు, లోపల మిగిలినది ప్రతిసారీ కొంత కరిగి పోతుంది. వీరి బ్రష్ నెలల తరబడి విప్పకుండా నడవడంలో ఆశ్చర్యం లేదు. రెండో వ్యక్తి ఒకే సాయంత్రం నీటి ఆధారిత ప్రైమర్‌తో మొదలుపెట్టి, రంగులు, మెటాలిక్, చివర వార్నిష్ వేస్తారు. వీరు కూడా ఊదేసి పక్కన పెడితే మర్నాడు ట్రిగ్గర్ కూడా కదలకపోవచ్చు. ఇద్దరూ తమ అనుభవం నిజాయితీగానే చెప్తారు, ఒకరి అలవాటు మరొకరికి పనికిరాదు.

బ్రష్ నిర్మాణం కూడా లెక్కలోకి వస్తుంది. హార్డర్ అండ్ స్టీన్‌బెక్ ఎవల్యూషన్, ఇవాటా ఎక్లిప్స్ లాంటివాటిలో నాజిల్ మరతో బిగించేది కాదు, తనంతట తాను మధ్యలో కూర్చునేలా ఉంటుంది, రెంచి లేకుండా చేత్తోనే ముందు భాగం విప్పితే బయటికొస్తుంది. వాటిని రోజూ తీసినా ప్రమాదం తక్కువ. మర నాజిల్ ఉన్నవాటికి రోజూ ఆ పని చేయమనడం నాకు సబబుగా అనిపించదు.

నా అంచనాలో ఈ గొడవకు మూలం, విప్పడం అంటే ఒక్కటే పని అనుకోవడం. అందులో మూడు మెట్లున్నాయి. నీడిల్ తీసి తుడవడం ఒకటి, ఇది పని ముగిసిన ప్రతిసారీ చేయదగ్గది, అర నిమిషం పట్టదు. ఎయిర్ క్యాప్, నాజిల్ తీసి కడగడం రెండోది, ఇది వాడిన రంగును బట్టి మారుతుంది: ప్రైమర్, మెటాలిక్, వార్నిష్ వేసిన రోజు దాదాపు తప్పనిసరి, లాకర్ మాత్రమే వేసిన రోజు కాకపోవచ్చు. ట్రిగ్గర్, గాలి వాల్వు విప్పడం మూడోది. ప్యాకింగ్ బాగుంటే అక్కడికి రంగు రాదని పైన చూశాం కదా, అలాంటప్పుడు దాన్ని ప్రతి వారం విప్పడానికి కారణమే లేదు. ఇబ్బంది కనపడినప్పుడు విప్పితే సరిపోతుంది.

నీడిల్ ఏ వైపు నుంచి

వెనక నుంచి లాగడం సహజంగా అందరూ చేసేది. వెనక హ్యాండిల్ తీసి, నీడిల్‌ని పట్టి ఉంచే చక్ నట్టు వదులు చేసి, మెల్లగా లాగితే వచ్చేస్తుంది. అభ్యంతరం ఏమిటంటే, నీడిల్ ముందు సగానికి తడి రంగు ఉంటుంది, వెనక్కి లాగేటప్పుడు ఆ రంగు ప్యాకింగ్ గుండా, ట్రిగ్గర్ ఉన్న గదిలోంచి వస్తుంది. ప్యాకింగ్ కొంత తుడిచేస్తుంది గానీ అలా తుడిచిన రంగు ప్యాకింగ్ అంచునే ఎండుతుంది. కొన్నాళ్లకు ట్రిగ్గర్ బిగుసుకున్నట్టు, వదిలితే ఆలస్యంగా ముందుకొస్తున్నట్టు అనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

ముందు నుంచి తీసేవాళ్లు మొదట ఎయిర్ క్యాప్, నాజిల్ తీసేసి, నీడిల్‌ని ముందుకు నెట్టి బయటికి లాగుతారు. రంగు అంటిన భాగం ప్యాకింగ్‌ని తాకదు. దీని ఇబ్బంది, ప్రతిసారీ నాజిల్ విప్పాల్సి రావడం. నాజిల్ సులువుగా వచ్చే బ్రష్‌కి ఇది చక్కగా సరిపోతుంది, మర నాజిల్ ఉన్నదానికి సరిపోదు. వెనక నుంచే తీసేవాళ్లకు మధ్యేమార్గం ఒకటుంది: కడిగిన నీళ్లు స్వచ్ఛంగా వచ్చేదాకా ఊదాక మాత్రమే నీడిల్‌ని లాగడం. అప్పుడు ప్యాకింగ్ గుండా వచ్చేది రంగు నీళ్లు కాదు, దాదాపు మంచి నీళ్లే.

తిరిగి పెట్టేటప్పుడు మాత్రం రెండు వర్గాలూ ఒకే మాట మీద ఉంటాయి. నీడిల్ మెల్లగా పోయి ఆగేదాకానే, ఆగాక ఇంకొంచెం అని నెట్టకూడదు. నీడిల్ గట్టి ఉక్కు, నాజిల్ దానికంటే మెత్తటి లోహం కావడం సాధారణం. శంకువు ఆకారంలో ఉన్న కొనను నెడితే పలుచటి నాజిల్ మూతి విచ్చుకుంటుంది లేదా చీలుతుంది.

అమోనియా భయం ఎంతవరకు నిజం

కొన్ని గ్లాస్ క్లీనర్లలో అమోనియా ఉంటుంది, అది ఎండిన యాక్రిలిక్ పొరను మెత్తబరుస్తుంది, చవక కూడా, అందుకే జనం వాడతారు. చాలా ఎయిర్‌బ్రష్‌ల బాడీ ఇత్తడి, పైన క్రోమ్ లేదా నికెల్ పూత. ఇత్తడిలో ఉన్న రాగిని అమోనియా కరిగించగలదు, ఇది రసాయనశాస్త్రంలో స్థిరపడిన విషయం.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. బ్రిటిష్ సైన్యం భారత్‌లో ఉన్నకాలంలో వానాకాలం గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలిపోయేవి. కారణం 1921లో తేలింది: గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిన లోపలి ఒత్తిడి, ఈ మూడూ కలిసి లోహాన్ని చీల్చాయి. దీన్నే సీజన్ క్రాకింగ్ అన్నారు.

అయితే ఆ తొడుగులు నెలల తరబడి ఆ ఆవిరిలో ఉన్నాయి. గ్లాస్ క్లీనర్‌లో అమోనియా శాతం తక్కువ, బ్రష్‌లో అది ఉండేది నిమిషం, రెండు నిమిషాలు, పైగా పూత ఇత్తడిని కాపాడుతుంది. ఏళ్లుగా వాడి ఏ నష్టమూ చూడలేదనేవాళ్ల మాట అందుకే నమ్మదగినదే. భయపడేవాళ్ల మాట నిజమయ్యేది వేరే పరిస్థితిలో: రాత్రంతా అందులో నానబెట్టినప్పుడు, వాడాక నీళ్లతో కడగకుండా వదిలేసినప్పుడు, కప్పు లోపల పూత అరిగి పసుపు లోహం బయటపడినప్పుడు, ఇత్తడి నాజిల్‌ని మరలో బిగించి ఒత్తిడిలో ఉంచినప్పుడు. కాబట్టి అమోనియా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు ఎంతసేపు, ఏ లోహం మీద అన్నదాని మీద ఉంటుంది. అమోనియా లేని ఎయిర్‌బ్రష్ క్లీనర్లు, అమోనియా లేని గ్లాస్ క్లీనర్లు కూడా దొరుకుతున్నాయి కాబట్టి పూత అరిగిన పాత బ్రష్‌తో ఈ ప్రయోగం చేయాల్సిన పనిలేదని నాకనిపిస్తుంది.

బ్లీచ్ సంగతి ఇంత సున్నితం కాదు. క్లోరిన్ లోహాన్ని నేరుగా తింటుంది, అదీగాక బ్లీచ్, అమోనియా కలిస్తే విషవాయువులు పుడతాయి. ఎయిర్‌బ్రష్ దగ్గరికి దాన్ని రానివ్వకూడదు.

నానబెట్టడం, అల్ట్రాసోనిక్, నూనె చుక్క

మొత్తం బ్రష్‌ని లాకర్ థిన్నర్‌లో ముంచి ఉంచడం మీద కూడా రెండు మాటలు వినపడతాయి. తేడా సీళ్లలో ఉంది. తెల్లగా కాస్త గట్టిగా ఉండే పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) సీళ్లను థిన్నర్ ఏమీ చేయదు. నల్లటి నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు లాకర్ థిన్నర్‌లోనో అసిటోన్‌లోనో ఉబ్బి ఆకారం కోల్పోతాయి. సీళ్లు తీసేసి లోహపు భాగాలు మాత్రమే నానబెడితే ఈ సమస్యే లేదు.

అల్ట్రాసోనిక్ క్లీనర్ సెకనుకు 40,000 సార్ల వంటి వేగంతో ద్రవాన్ని కంపింపజేస్తుంది, అతి చిన్న బుడగలు పుట్టి పగిలే తాకిడికి మూలల్లో ఉన్న మురికి వదులుతుంది. చేయి, కుంచె చేరని నాజిల్ లోపలికి ఇది చేరుతుంది. కానీ ముందే మెత్తబడని మందపాటి పొరను తేలిగ్గా తీయలేదు, పూత అప్పటికే లేస్తుంటే దాన్ని ఇంకా లేపగలదు. ఆ ట్యాంకులో ఆల్కహాల్, థిన్నర్ లాంటి మండే ద్రవాలు పోయడం ప్రమాదం, అవి వేడెక్కి ఆవిరై అంటుకోవచ్చు.

నాజిల్ లోపలికి గట్టి తీగ దూర్చడం చాలామంది చేసే పొరపాటు. దానివల్ల పడే గీతలో తర్వాతి రంగు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కొన చెక్కిన సన్నటి చెక్కపుల్ల, మెత్తటి కుచ్చు, నాజిల్ లోపల తిప్పి శుభ్రం చేయడానికే చేసిన రీమర్ ఆ పనికి సరిపోతాయి.

లూబ్రికెంట్ అవసరం ట్రిగ్గర్‌కి, గాలి వాల్వుకి, నీడిల్ ప్యాకింగ్ తగిలే భాగానికి, అదీ ఒక చుక్క. ఎయిర్‌బ్రష్ కోసం అమ్మేవి ఎందుకంటే, మామూలు నూనె లేదా సిలికోన్ రంగు దారిలోకి చేరితే వేసిన పొరలో గుండ్రటి ఖాళీలు ఏర్పడతాయి, వాటిని ఫిష్ ఐ అంటారు.

ఊదే క్లీనర్ ఎక్కడికి పోతుంది

కడిగేటప్పుడు మనం క్లీనర్‌ని కూడా తుంపరగా మార్చి గదిలోకి వదులుతున్నాం. రంగు వేసేటప్పుడు మాస్క్ పెట్టుకుని కడిగేటప్పుడు తీసేసేవాళ్లు చాలామంది, నిజానికి సాల్వెంట్ గాఢత అప్పుడే ఎక్కువ. దుమ్ము మాస్క్ కణాలను ఆపుతుంది, ఆవిరిని ఆపదు, దానికి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. ఫిల్టర్ ఉన్న క్లీనింగ్ పాట్‌లోకి ఊదితే తుంపర చాలావరకు అందులోనే ఆగుతుంది. నీటి యాక్రిలిక్ కాబట్టి హాని లేదన్న మాట కూడా సగమే నిజం, వాసన లేనంత మాత్రాన రంగు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

లక్షణాన్ని బట్టి చోటు పట్టుకోవడం

తుంపర తెగుతూ, చుక్కలు చుక్కలుగా వస్తోందనుకుందాం. ఎక్కువమంది వెంటనే బ్రష్ విప్పేస్తారు. దానికి ముందు కప్పులో మంచి నీళ్లు పోసి ఊదితే చాలా తెలుస్తుంది. నీళ్లు చక్కగా, ఒకే ధారగా తుంపర అయితే బ్రష్ బాగానే ఉంది, రంగు చిక్కగా ఉండటమో సరిగ్గా కలవకపోవడమో కారణం. నీళ్లు కూడా తెగుతూ వస్తే అప్పుడు బ్రష్‌ని అనుమానించాలి.

తుంపర ఒక పక్కకు వెళ్తుంటే నీడిల్‌ని తీయకుండా ఉన్నచోటే సగం తిప్పి చూస్తారు. తుంపర వాలు కూడా దానితో పాటే తిరిగితే నీడిల్ కొన వంగింది. వాలు మారకపోతే నీడిల్ బాగానే ఉంది, నాజిల్‌లోనో ఎయిర్ క్యాప్‌లోనో ఒక వైపు మురికి ఉంది లేదా నాజిల్ మూతి దెబ్బతింది. ఈ ఒక్క పరీక్ష అనవసరంగా కొత్త భాగాలు కొనడాన్ని చాలాసార్లు ఆపుతుంది.

బ్యాక్‌ఫ్లష్ చేయకుండానే కప్పులో బుడగలు వస్తే గాలి రంగు దారిలోకి దూరుతోందన్నమాట. నాజిల్ వదులుగా ఉండటం, దాని వెనకాల సీల్ లేకపోవడం, నాజిల్‌లో సన్నటి చీలిక, ఈ క్రమంలో వెతుకుతారు. మర నాజిల్ ఉన్నవాళ్లు కొందరు మరకు కొద్దిగా తేనెమైనం రాస్తారు, సందు మూసుకోవడానికి. ఊదుతున్నప్పుడు తుంపర ఎగిరెగిరి పడుతూ కప్పులో బుడగలు లేకపోతే వెనక ప్యాకింగ్ వదులై అటు నుంచి గాలి లాగుతూ ఉండొచ్చు. దాన్ని మరీ బిగిస్తే నీడిల్ కదలదు, ట్రిగ్గర్ వదలగానే నీడిల్ స్వేచ్ఛగా ముందుకు రావాలి, అదే కొలత.

గాలి మాత్రమే నొక్కినా రంగు వస్తుంటే నీడిల్ నాజిల్‌లో పూర్తిగా కూర్చోవడం లేదు. చక్ నట్టు వదులై ఉండొచ్చు, మూతి లోపల ఎండిన రంగు ఉండొచ్చు, మూతి విచ్చుకుపోయి ఉండొచ్చు. ట్రిగ్గర్ ముట్టకుండానే గాలి వస్తుంటే రంగు దారితో సంబంధం లేదు, అది గాలి వాల్వు సమస్య, అంతా శుభ్రంగా కడిగినా పోదు. చాలాసేపు బాగా పనిచేసి ఉన్నట్టుండి నీటి చుక్కలు పడుతుంటే బ్రష్‌ని వదిలేసి కంప్రెసర్ వైపు చూడాలి: నొక్కిన గాలి వేడెక్కి, గొట్టంలో చల్లబడి, అందులోని తేమ నీరవుతుంది, ఆ నీటిని పట్టి ఉంచే వాటర్ ట్రాప్ నిండిందేమో చూడాలి.

వంగిన నీడిల్ కొనను గట్టి చదునైన ఉపరితలం మీద పడుకోబెట్టి మెల్లగా దొర్లిస్తూ లాగితే స్వల్ప వంపు సరవుతుంది, ఆ తర్వాత 2000 నంబరు లేదా అంతకంటే నునుపైన శాండ్‌పేపర్‌తో తిప్పుతూ మెరుగు పెడతారు. నాజిల్‌కి అలాంటి అవకాశం లేదు. భూతద్దంలో చూసినప్పుడు మూతి గుండ్రంగా కాకుండా అండాకారంగానో, అంచున వెంట్రుక మందం చీలికతోనో కనపడితే ఏ క్లీనరూ దాన్ని తిరిగి తేలేదు. నీడిల్, నాజిల్ రెండూ అరిగిపోయే భాగాలే, తయారీదారులు వాటిని విడిగా అమ్మేది అందుకే. కొత్త నాజిల్ వేసేటప్పుడు దాని కొలతకు సరిపోయే నీడిల్ ఉందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే 0.3 నాజిల్‌లో 0.5 కోసం చేసిన నీడిల్ కొన కోణం వేరు, ఎంత శుభ్రంగా ఉన్నా అది అందులో సరిగ్గా మూసుకోదు.